బొమ్మలకంటే ముందు భవనం చూపిద్దాం

ఆధునిక చిత్రకళా ప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్తే ప్రతి టీచరుకూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘‘సార్, ఇదేం బొమ్మ?’’ జవాబు మనకూ తోచదు. ‘ముట్టుకోకండి, వరసలో నడవండి’ అంటూ అరగంటలో బయటికొచ్చేస్తాం. ఈసారి బొమ్మల్ని కాసేపు పక్కనపెట్టి, అవి ఉన్న భవనంతో మొదలుపెట్టి చూడండి. ముంబయి తెలుగు బడులకు అందుకు తగిన చోటు, ఫోర్ట్ ప్రాంతంలోని జాతీయ ఆధునిక కళా మందిరం.

కచేరీల హాలు కళా మందిరమైంది

ఇది మ్యూజియం కోసం కట్టిన భవనం కాదు. సర్ కావస్‌జీ జహంగీర్ విరాళంతో 1911లో సభా మందిరంగా వెలిసింది. నక్షా గీసింది జార్జ్ విట్టెట్. దగ్గర్లోని గేట్‌వే ఆఫ్ ఇండియా, రోడ్డు అవతల పెద్ద గుమ్మటంతో కనిపించే ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం కూడా ఆయన రూపకల్పనలే. ఒకప్పుడు సంగీత కచేరీలు, రాజకీయ సభలతో కళకళలాడిన ఈ హాలు తర్వాత ఆదరణ కోల్పోయింది. చివరికి 1996లో కళా మందిరంగా తలుపులు తెరిచింది.

సభకు కావలసింది అడ్డులేని ఒకే పెద్ద జాగా. బొమ్మలకు కావలసింది గోడలు. ఈ చిక్కును ఆర్కిటెక్ట్ రోమీ ఖోస్లా విప్పిన తీరే పిల్లలకు మంచి పాఠం. బయటి పాత రూపాన్ని అలాగే ఉంచి, లోపల అర్ధచంద్రాకారపు గ్యాలరీలను అంచెలంచెలుగా లేపారు. మెట్లెక్కుతూ పోతే చివరికి గుమ్మటం కిందికి చేరతాం. ‘‘ఒక్క హాల్లో ఇన్ని గోడలు ఎలా వచ్చాయి? వంపు గోడమీద చదునైన బొమ్మను ఎలా తగిలించారు?’’ అని అడగండి. జవాబులు వాళ్లే వెతుక్కుంటారు.

మన చేతులూ ఉన్నాయి

‘ఇలాంటి చోట్లు మనవి కావు’ అన్న బెరుకు మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. వాళ్లకు కామాఠిపుర కథ చెప్పాలి. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి వలసొచ్చిన కమాఠీలు ఈ నగర నిర్మాణంలో చెమటోడ్చారు. ఆ పేటకు పేరు వారివల్లే వచ్చింది. విరాళమిచ్చినవారి పేరు, నక్షా గీసినవారి పేరు చరిత్రకెక్కుతాయి. తాపీ పట్టిన చేతుల పేర్లు ఎక్కవు. ఇంట్లో తాతో నాన్నో మేస్త్రీ అయితే, ఆ పిల్లవాడే ఆ రోజు తరగతికి గురువు.

వెళ్లేముందు, వెళ్లొచ్చాక

ముందురోజు గుమ్మటం, కమాను, స్తంభం, దూలం, వసారా, తాపీ, రసమట్టం వంటి మాటలు బోర్డుమీద రాయండి. అర్థాలు ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మనండి. అక్కడ ఒక్కొక్కరూ ఒక మూలను ఎంచుకుని పెన్సిల్‌తో గీసి, భాగాల పేర్లు తెలుగులో రాయాలి. ఆ తర్వాతే బొమ్మల దగ్గరికి వెళ్లండి. తిరిగొచ్చాక ‘నచ్చని బొమ్మ, ఎందుకు నచ్చలేదు’ అని అయిదు వాక్యాలు రాయించండి. నచ్చలేదని చెప్పే ధైర్యం కూడా చదువే. సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి.

బెంగళూరు బడులకూ ఇదే దారి పనికొస్తుంది. అక్కడి జాతీయ ఆధునిక కళా మందిరం 2009లో తెరుచుకున్నది మాణిక్యవేలు మాన్షన్ అనే పాత బంగళాలోనే. అక్కడ పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న: ఇల్లు ఎలా మ్యూజియమైంది?