పటాన్‌చెరు జైనశిల్పములు - ఛాయాచిత్రప్రామాణ్యము

నేడు కర్మాగారములకు ప్రసిద్ధమైన పటాన్‌చెరు పూర్వము జైనస్థానము. అచ్చటి శిల్పములు కొన్ని హైదరాబాదు ప్రదర్శనశాలకు చేరినవి. వానిని స్వయముగ చూడజాలని పండితులకు అంతర్జాలమందలి ఛాయాచిత్రములే యాధారము. అయినను చిత్రము కంటబడినంతమాత్రమున ప్రమాణము కానేరదు.

మొదట వెదకు విధము. పశ్చిమచాళుక్యుడగు రెండవ జయసింహుని శాసనములందు రాజనివాసముగ కానవచ్చు పొట్టలకెరె యీ గ్రామమే యని పరిశోధకులు తలంచిరి. కన్నడమున 'కెరె' యనగా చెఱువు. పూర్వగ్రంథములందు పటాన్‌చెరువు మెదకుజిల్లా లోనిది. 2016 మొదలు సంగారెడ్డిజిల్లా లోనిది. కావున ఈ పేర్లన్నిటితోడను వెదకవలెను.

పిమ్మట స్థానవిచారము. కేంద్రసంస్కృతిశాఖవారు 2019లో నెలకొల్పిన 'ఇండియన్ కల్చర్' నిలయమును, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి చిత్రసంచయమును విశ్వసనీయములు. భారత డిజిటల్ గ్రంథాలయమునకై స్కాను చేసిన తెలుగు గ్రంథము లనేకములు ఇంటర్నెట్ ఆర్కైవునందు గలవు. కాని యా పట్టికలందు గ్రంథనామములును ముద్రణవత్సరములును తఱచు తప్పుగ నుండును. ముఖపత్రముతో సరిచూడక యుదాహరింపరాదు.

చిత్రమును సమగ్రముగ గ్రహింపవలెను. తీర్థంకరులను గుఱుతించుటకు పీఠముపై లాంఛనము ముఖ్యము: వృషభము ఋషభనాథునికి, సింహము మహావీరునికి. సర్పఫణములు సాధారణముగ అయిదైన సుపార్శ్వనాథుడు, ఏడైన పార్శ్వనాథుడు. అందమునకై పీఠమునో ఫణములనో కత్తిరించిన చిత్రమునుబట్టి విగ్రహనామము నిర్ణయించుట సాహసము. అట్టి తప్పొకటి వ్యాసమున కెక్కిన, దానినుండి పాఠ్యపుస్తకమునకు పాకును.

దీనికి దృష్టాంతము పటాన్‌చెరులోనే కలదు. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ విత్తననిధియందు లక్షకు పైగా విత్తనపు మాదిరులు గలవు. ప్రతిదానికిని సంఖ్యయు, సేకరించిన చోటు మున్నగు వివరములును వ్రాసి యుంచుదురు. ఊరు పేరు తెలియని విత్తనము శాస్త్రజ్ఞునికి కొఱగానట్లే, దొరకినచోటు తెలియని శిల్పచిత్రము చరిత్రకారునికి కొఱగాదు.

తుదకు హక్కుల విషయము. శిల్పము ప్రాచీనమైనను దాని చిత్రముపై హక్కు ఛాయాగ్రాహకునిది కావచ్చును. 1957 నాటి చట్టము ననుసరించి గ్రంథస్వామ్యము కర్త మరణానంతరము 60 సంవత్సరములు నిలుచును. 2012 సవరణచే ఛాయాచిత్రములకును ఇదియే నియమము. కావున చిత్రము ప్రకటించువారు ముందుగ హక్కులను విచారించి, దానిక్రింద శిల్పము దొరకినచోటు, ఉన్నచోటు, ప్రదర్శనశాల సంఖ్య, ఛాయాగ్రాహకుని పేరు, చూచిన తేది వ్రాయవలెను. అట్లు వ్రాసిననే తరువాతివారు దానిని మరల పరీక్షింపగలుగుదురు.