ప్లీడరు గారిని లెక్క అడగవచ్చా?



పాలవాడు ఒక్క పూట ఎక్కువ రాస్తే ఊరుకుంటామా? కేలండరు తెచ్చి, ఆ రోజు మేము ఊళ్ళోనే లేమని చూపిస్తాం. అదే ప్లీడరు గారి గుమాస్తా వచ్చి, "ఖర్చులకి ఇంకో ఐదువేలు కావాలమ్మా" అంటే మాత్రం నోరు మెదపం. దేనికని అడగం, రసీదూ అడగం. అడిగితే ఆయనకు కోపం వచ్చి కేసు పాడవుతుందేమోనని భయం. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఇందుకే పుట్టిందేమో!

నిజానికి ఆ లెక్క అడిగే హక్కు మనకుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం, కక్షిదారు ఇచ్చిన డబ్బుకి ప్లీడరు పద్దు రాయాలి. ఫీజు కింద ఎంతో, ఖర్చుల కింద ఎంతో విడివిడిగా చూపాలి. ఖర్చులకని పుచ్చుకున్న సొమ్మును, కేసు నడుస్తుండగా, మీరు రాసి ఇస్తే తప్ప ఫీజులో కలుపుకోకూడదు. మీరడిగితే ఆ పద్దు నకలు ఇవ్వాలి.

అయితే, ఫీజు ఎక్కువైనంత మాత్రాన అది నేరం కాదు. అందుకే వకాల్తా మీద సంతకం పెట్టకముందే అన్నీ మాట్లాడుకోవాలి. మొత్తం ఎంత? వాయిదాకింతా, లేక కేసంతటికీ కలిపా? కోర్టు ఫీజు, స్టాంపులు, టైపు ఖర్చు అందులోవేనా? అప్పీలుకి వేరే ఇవ్వాలా? ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకండి.

"ఇప్పుడేమీ వద్దమ్మా, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి చాలు" అని కొందరంటారు. వినడానికి తియ్యగానే ఉంటుంది. కాని ఆ ఒప్పందం చెల్లదు. తెలంగాణలో ఒకావిడ భర్త 1998లో రోడ్డు ప్రమాదంలో పోయారు. నష్టపరిహారం కేసులో తాను 10 లక్షలు ఫీజు ఇచ్చానని, అది చాలదని 2014లో తనచేత మరో 3 లక్షలకు చెక్కు రాయించుకున్నారని ఆవిడ చెప్పింది. ఆ చెక్కు చెల్లకపోయేసరికి ప్లీడరు ఆవిడ మీదే కేసు పెట్టారు. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. కేసులో వచ్చే సొమ్ములో వాటాగా ఫీజు అడగడం చట్టవిరుద్ధమని చెప్పింది. భర్త పోయిన ఇంటికి ఆ పరిహారమే కదా ఆధారం!

"బాకీ తీరిస్తేగాని కాగితాలివ్వను" అన్నా భయపడకండి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు పట్టి ఉంచే హక్కు ప్లీడరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రావలసినదుంటే ఆయన దావా వేసుకోవచ్చు. మీరు ప్లీడరును మార్చుకోదలిస్తే, పాతాయన ఒప్పుకోకపోయినా కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు.

మరి తగాదా వస్తే? ముందు నెమ్మదిగా, లెక్క చెప్పమని ఒక ఉత్తరం రాసి పోస్టులో పంపండి. నకలు దాచుకోండి. జవాబు రాకపోతే మీ రాష్ట్ర బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయండి. తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ వేరువేరు కౌన్సిళ్ళు ఉన్నాయి. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం, తప్పు రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, పేరే కొట్టివేయవచ్చు. ఏడాదిలోగా తేల్చకపోతే ఆ ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళుతుంది. డబ్బు రాబట్టుకోవాలంటే మాత్రం సివిల్ కోర్టుకే వెళ్ళాలి. ఈ విషయంలో వినియోగదారుల ఫోరం తలుపు తట్టి లాభం లేదు. ప్లీడర్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరొక్క మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి. 15100కు ఫోను చేసినా చెబుతారు.

చాలామంది ప్లీడర్లు న్యాయంగానే ఉంటారు. అటువంటివారు లెక్క అడిగితే నొచ్చుకోరు. ఇంటి పద్దు రాసే చేతితోనే కోర్టు పద్దు కూడా రాసుకోండి. అడగడం అమర్యాద కాదు, మన జాగ్రత్త.