స్పోర్ట్స్ కారుకి ప్రియస్ టైర్లా?

టొయోటా 86. ఇదే కారుని సుబారు అమ్మితే పేరు బీఆర్‌జెడ్. 2012లో వచ్చిన ఈ రెండు డోర్ల కారుకి 200 హార్స్‌పవర్ ఇంజిన్, పవరంతా వెనక చక్రాలకే. ఇంతా చేసి కంపెనీ వేసిన టైర్ల సైజేమో 215/45 ఆర్17. పొదుపుగా నడిచే ప్రియస్‌లో పై వేరియంట్‌కి వచ్చిందీ ఇదే సైజు! ‘స్పోర్ట్స్ కారుకి ప్రియస్ టైర్లేంటి’ అని అమెరికాలో తెగ జోకులేశారు.

నిజానికి ఇది పిసినారితనం కాదు. చీఫ్ ఇంజినీర్ టెత్సుయా టాడా కావాలనే గ్రిప్ తక్కువ టైర్లు ఎంచుకున్నాడు. మరీ స్పీడుగా వెళ్లకుండానే మలుపులో వెనకభాగం కాస్త జారాలి, డ్రైవర్ స్టీరింగ్‌తో దాన్ని సర్దుకోవాలి. ఆ మజా కోసమే ఈ కారు. వెడల్పాటి టైర్లేస్తే గ్రిప్ పెరుగుతుంది నిజమే, సరదా మాత్రం కొంత తగ్గుతుంది. ఇంజిన్ పవర్ అంతే ఉండి టైరు బరువు పెరిగితే పికప్ కూడా మందగిస్తుంది.

టొయోటా ఈ కారుని ఇండియాలో అమ్మలేదు. కానీ అమెరికాలో ఉద్యోగం చేస్తూ సెకండ్‌హ్యాండ్‌లో ఒక 86 మీద కన్నేశారనుకోండి. కొన్న వారానికే వీల్స్ మార్చాలనిపిస్తుంది. అప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకోండి.

215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 45 శాతం, అంటే దాదాపు 97 మి.మీ. 17 రిమ్ సైజు, అంగుళాల్లో. అన్నీ కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 625 మి.మీ. రిమ్ ఎంత మార్చినా ఈ ఎత్తు పెద్దగా మారకూడదు. 18 అంగుళాల రిమ్‌కి 215/40 వేస్తే 629 వస్తుంది, ఓకే. అదే రిమ్‌కి 235/40 వేస్తే 645. మూడు శాతానికి పైనే తేడా! స్పీడోమీటర్ లెక్క తప్పుతుంది, గేరింగ్ బరువెక్కుతుంది, టైరు లోపల దేనికో ఒకదానికి రాసుకోవచ్చు కూడా.

మన స్విఫ్ట్‌లోనూ ఇదే సూత్రం. 2018 మోడల్‌లో కింది వేరియంట్లకి 165/80 ఆర్14, టాప్ వేరియంట్‌కి 185/65 ఆర్15. చూడ్డానికి ఎంత తేడానో! మొత్తం ఎత్తు లెక్కేస్తే ఒకటి దాదాపు 620, ఇంకోటి 621.5. కంపెనీవాళ్లే పాటిస్తున్న లెక్క ఇది.

అసలు తలనొప్పి ఆఫ్‌సెట్‌తోనే. వీల్ మధ్యగీత నుంచి హబ్‌కి ఆనే భాగం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె ఇది. 86కి ఒరిజినల్‌గా 7 అంగుళాల వెడల్పు రిమ్, ఆఫ్‌సెట్ ప్లస్ 48. దాని స్థానంలో 9 అంగుళాల రిమ్, ప్లస్ 45 పెట్టారనుకుందాం. ఆఫ్‌సెట్‌లో తేడా మూడే కదా అనిపిస్తుంది. కానీ వెడల్పు రెండు అంగుళాలు పెరిగింది. కాబట్టి రిమ్ లోపలివైపు 22 మి.మీ. సస్పెన్షన్ దగ్గరికి జరుగుతుంది, బయటివైపు 28 మి.మీ. ఫెండర్ మీదకొస్తుంది. పార్కింగ్‌లో ఏ చప్పుడూ ఉండదు. ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని గుంతలో దిగినప్పుడు తెలుస్తుంది, టైరు ఫెండర్ అంచుకి కోసుకుంటోందని. అదే 8 అంగుళాల రిమ్, ప్లస్ 45 అయితే లోపలికి 10, బయటికి 16 మి.మీ. చాలు. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి నా ఓటు దీనికే. మీద 225/45 ఆర్17 టైరు వేసుకుంటే ఎత్తు ఒకటిన్నర శాతం లోపే పెరుగుతుంది.

ఇంకో ఉచ్చు బోల్టుల దగ్గర ఉంది. టొయోటాల్లో ఎక్కువగా కనిపించేది 5x114.3. 86కి మాత్రం 5x100, సుబారు వారసత్వం అది. ‘టొయోటా వీల్సే బ్రో’ అన్నారని పాత వీల్స్ కొనేస్తే ఇంటికొచ్చాక అస్సలు ఎక్కవు. మధ్యరంధ్రం 56.1 మి.మీ. బయట కొన్న వీల్‌కి అది పెద్దగా ఉంటే తగిన రింగులు వేయించుకోవాలి, లేదంటే హైవేలో స్టీరింగ్ వణకొచ్చు.

టైరు మీద సైజు పక్కనే 87W అని ఉంటుంది. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోల వరకు మోయగలదని, W అంటే గంటకు 270 కి.మీ. వరకు తట్టుకుంటుందని. చవగ్గా వస్తోందని 87 కన్నా తక్కువ అంకె ఉన్నది కొనొద్దు. ఇక్కడ బేరాలు వద్దు.

18 అంగుళాలు ఫొటోల్లో అదిరిపోతాయి, కాదన్ను. కానీ పక్కగోడ 97 నుంచి 86 మి.మీ.కి తగ్గుతుంది. చలికాలం పోయాక మిషిగన్ రోడ్లైనా, వానలు పడ్డాక మన హైదరాబాద్ రోడ్లైనా గుంతల దెబ్బకి ముందు వంగేది రిమ్మే.

బిగించాక స్టీరింగ్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. వెనక సీట్లో ఇద్దర్ని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కించండి. చప్పుడొస్తే అక్కడే ఆపేయండి. నట్లు 120 న్యూటన్ మీటర్లకి టార్క్ రెంచ్‌తో బిగించాలి. వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి చెక్ చేయించండి.