ఓపెన్ సోర్స్ గణిత సాఫ్ట్‌వేర్‌కు గ్రాఫ్ దూరాల అల్గారిథంలు: సేజ్‌మ్యాత్ ఉదాహరణగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కంప్యూటర్ ఇచ్చిన సమాధానం నేడు అనేక గణిత నిరూపణలలో ఒక మెట్టుగా నిలుస్తున్నది. ఆ సమాధానాన్ని రాబట్టిన సోర్స్ కోడ్ మూసి ఉన్నప్పుడు ఆ మెట్టును పరీక్షించే మార్గం పాఠకునికి ఉండదు. మ్యాగ్మా, మేపుల్, మ్యాథమెటికా, మ్యాట్‌ల్యాబ్‌లకు దీటైన స్వేచ్ఛా ప్రత్యామ్నాయాన్ని అందించే లక్ష్యంతో విలియం స్టైన్ 2005లో సేజ్‌ను ప్రారంభించారు. సేజ్‌మ్యాత్‌గా ప్రసిద్ధమైన ఈ వ్యవస్థలో గ్రాఫ్ సిద్ధాంతానికి విస్తృతమైన విభాగం ఉన్నది. అందులో గ్రాఫ్ వ్యాసాన్ని గణించే పద్ధతులను ఆధారంగా చేసుకొని, ప్రచురితమైన అల్గారిథం అందరూ నమ్మదగిన సాధనంగా మారే క్రమాన్ని ఈ పత్రం వివరిస్తుంది.

సమస్య స్వరూపం

రెండు శీర్షాల మధ్య గల అతి చిన్న దారిలోని అంచుల సంఖ్యయే వాటి దూరం. ఒక శీర్షం నుండి మిగిలిన శీర్షాలకు గల దూరాలలో గరిష్ఠమైనది దాని ఉత్కేంద్రత. ఉత్కేంద్రతలన్నింటిలో గరిష్ఠమైనది గ్రాఫ్ వ్యాసం. ప్రతి శీర్షం నుండి ఒక్కొక్క బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ జరిపితే వ్యాసం తప్పక లభిస్తుంది. అయితే 10 లక్షల శీర్షాలు, 50 లక్షల అంచులు గల గ్రాఫ్‌లో, ఒక్కో అన్వేషణలో ప్రతి అంచును ఒక్కసారే లెక్కించినా, 5 లక్షల కోట్ల పరిశీలనలు అవసరమవుతాయి.

ఈ భారాన్ని అన్ని గ్రాఫ్‌లకూ తగ్గించడం సులభం కాదు. బలమైన ఎక్స్‌పొనెన్షియల్ టైమ్ పరికల్పన నిజమైతే, అంచులు తక్కువగా ఉన్న గ్రాఫ్‌లలో సైతం వ్యాసం 2 అవునా, 3 అవునా అని తేల్చడానికి వర్గ కాలం కన్నా గణనీయంగా వేగవంతమైన అల్గారిథం ఉండదని రొడిట్టి, వాసిలెవ్‌స్కా విలియమ్స్ 2013లో చూపారు. కాబట్టి ఆచరణలో వేగాన్ని సాధించే పద్ధతులకు ప్రాధాన్యం ఏర్పడింది.

రెండు అన్వేషణల పద్ధతి, దాని పరిమితి

ఏదో ఒక శీర్షం నుండి అన్వేషించి అత్యంత దూరంలోని శీర్షాన్ని గుర్తించడం, దాని నుండి మరల అన్వేషించి లభించిన గరిష్ఠ దూరాన్ని తీసుకోవడం ఈ పద్ధతి. వృక్షాలలో ఇది ఖచ్చితమైన వ్యాసాన్నే ఇస్తుంది. ఇతర గ్రాఫ్‌లలో ఇచ్చేది దిగువ హద్దు మాత్రమే.

క, గ, చ, ట అనే నాలుగు శీర్షాలలో చ, ట జంటకు తప్ప మిగిలిన ఐదు జంటలకు అంచులున్నాయనుకుందాం. క నుండి బయలుదేరితే మిగిలిన మూడూ 1 దూరంలోనే ఉంటాయి. వాటిలో గ ఎంపికైతే రెండవ అన్వేషణ కూడా 1 అనే చెబుతుంది. కాని చ, ట మధ్య దూరం 2. సమాన దూరంలోని శీర్షాలలో దేనిని ఎంచుకున్నామన్న చిన్న విషయమే సమాధానాన్ని మార్చివేసింది. అందువల్లనే సేజ్‌మ్యాత్ పత్రరచన ఈ పద్ధతి దిగువ హద్దును ఇస్తుందని స్పష్టంగా పేర్కొంటుంది.

ఖచ్చితత్వాన్ని నిలిపే సూత్రం

క్రెషెంజి, గ్రోసి, హబీబ్, లాంజి, మరీనో 2013లో ప్రచురించిన ఐఫబ్ అల్గారిథం దిగువ హద్దుకు ఎగువ హద్దును జోడిస్తుంది. ఒక శీర్షాన్ని ఆధారంగా తీసుకొని, దాని నుండి గల దూరాన్ని బట్టి మిగిలిన శీర్షాలను పొరలుగా విభజిస్తారు. చివరి పొరతో మొదలుపెట్టి లోపలికి వస్తూ ఆయా శీర్షాల ఉత్కేంద్రతలను గణిస్తారు. ప-వ పొర వరకు పూర్తయిన తరువాత మిగిలిన ఏ రెండు శీర్షాలైనా ఆధార శీర్షం మీదుగా 2(ప−1) దూరంలోపే ఉంటాయి. అప్పటికి లభించిన గరిష్ఠ దూరం ఈ విలువకు తగ్గనప్పుడు అక్కడితో ఆగవచ్చు. పై ఉదాహరణలో క ఆధారమైతే మొదటి పొరలోని చ నుండి జరిపే అన్వేషణ 2 అనే సరైన విలువను వెలికితీస్తుంది. అత్యంత ప్రతికూల సందర్భంలో శ్రమ తగ్గకపోయినా, వాస్తవ జగత్తు నుండి వచ్చే అనేక గ్రాఫ్‌లలో కొద్ది అన్వేషణలతోనే పని ముగుస్తుంది.

చేర్పు ప్రక్రియ

పరిశోధన పత్రం సాధారణంగా అనుసంధానమున్న గ్రాఫ్‌ను స్వీకరించి మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు అటువంటి వెసులుబాటు లేదు. అనుసంధానం లేని గ్రాఫ్ వస్తే సేజ్‌మ్యాత్ వ్యాసాన్ని అనంతంగా చెబుతుంది. శీర్షాలే లేని గ్రాఫ్, దిశలు గల గ్రాఫ్, అంచులకు భారాలున్న గ్రాఫ్ విషయంలో ఏమి చేయాలో కోడ్ రచయిత ముందే నిర్ణయించాలి. వేగం కోసం ఇటువంటి భాగాలను సైథాన్‌లో రాస్తారు. ప్రతి ఫంక్షన్‌కు వివరణ, దానంతట అదే పరీక్షకు లోనయ్యే ఉదాహరణలు తప్పనిసరి. కొత్త పద్ధతి ఫలితాన్ని పాత పద్ధతి ఫలితంతో యాదృచ్ఛిక గ్రాఫ్‌లపై పోల్చడం మంచి పరీక్ష. పై నాలుగు శీర్షాల గ్రాఫ్ వంటివి మరింత పదునైన పరీక్షలు. 2023 నుండి గిట్‌హబ్‌లో సాగుతున్న ఈ ప్రక్రియలో, రచయిత కాని మరొకరు కోడ్‌ను పరిశీలించి ఆమోదించిన పిదపనే అది విడుదలకు చేరుతుంది.

ముగింపు

నిరూపణ అల్గారిథం సరైనదని చెబుతుంది. కోడ్ ఆ అల్గారిథాన్నే అమలు చేస్తున్నదని చెప్పదు. ఆ రెండవ హామీ బహిరంగ కోడ్, పరీక్షలు, సమీక్షల వల్ల సమకూరుతుంది. కనుక ఇటువంటి చేర్పును పరిశోధనకు అనుబంధమైన సాంకేతిక శ్రమగా కాక, పరిశోధనలో భాగంగానే గుర్తించడం సమంజసం. గణించిన వ్యాసాన్ని సిద్ధాంత గ్రంథంలో ఉటంకించేవారు సాఫ్ట్‌వేర్ పేరుతో పాటు దాని విడుదల సంఖ్యను, వాడిన పద్ధతిని కూడా పేర్కొనాలి. లేనిచో పాఠకుని ముందున్నది ఖచ్చితమైన విలువా, దిగువ హద్దా అన్నది తెలియదు.