కూల్చుటయా, నిలుపుటయా?



మన గ్రామముల నుండి ఎందరో యౌవనస్థులు ఉద్యోగముల కొరకు హైదరాబాదు చేరి మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములలో ఉంటున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులకు మొదట కనబడేవి అద్దాల మేడలే. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి అక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత ఆ ప్రాంతమంతా హైటెక్ సిటీ అని, సైబరాబాదు అని పేరు పొందింది.

అయితే ఆ మేడలకు కొద్ది కిలోమీటర్ల దూరములోనే, గోల్కొండ కోట ప్రక్కన, నాలుగైదు వందల ఏండ్ల నాటి కట్టడములను ఈ మధ్య బాగుచేసి నిలబెట్టారు. ఆ పని ఎట్లు జరిగినదో తెలుసుకొంటే, పాత కట్టడము ఉన్న ప్రతి ఊరికి, ప్రతి సంఘమునకు మేలు కలుగుతుంది.

గోల్కొండను 1687 వరకు ఏలిన కుతుబ్ షాహీ రాజుల సమాధులు అక్కడ ఉన్నాయి. 1591లో హైదరాబాదు నగరమునకు పునాది వేసిన మహమ్మద్ కులీ సమాధి కూడ వాటిలో ఒకటి. సుమారు 106 ఎకరముల ఆ స్థలములో సమాధులు, మసీదులు, మెట్ల బావులు, స్నానశాల అన్నీ కలిపి వంద దాకా కట్టడములు ఉన్నాయి. చాలా కాలము అవి పిచ్చిమొక్కలు మొలిచి, గచ్చు రాలి, చూచేవారు లేక పడి ఉన్నాయి. 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు బాగుచేసే పని చేపట్టింది. అది ఒకటి రెండేండ్లలో ముగిసే పని కాదు. 2024 జూలై 28న గాని ముగింపు సభ జరుగలేదు.

అక్కడ ఒక పెద్ద మెట్ల బావి ఉంది. భారీ వర్షములకు దాని గోడలో ఒక భాగము కూలిపోయింది. మట్టి పోసి పూడ్చివేస్తే సులువుగా ఉండేది. కాని పనివారు శిథిలములను తొలగించి, గోడను తిరిగి కట్టి, వాన నీరు మరల బావిలోనికి చేరేటట్లు చేశారు. ఆ నీరు తోటలోని చెట్లకు పనికివస్తున్నది. గోల్కొండ మెట్ల బావులను ఇట్లు బాగుచేసినందుకు 2022లో యునెస్కో సంస్థ బహుమానము ఇచ్చింది. తన తండ్రియైన అబ్రాహాము దినములలో త్రవ్విన బావులు పూడిపోగా ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించిన సంగతి మనకు తెలిసినదే. పూర్వికుల బావిని బాగుచేసుకొనుటకు సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఈ పనిలో మన ఊళ్ళకు ముఖ్యముగా పనికివచ్చే పాఠము సున్నమును గూర్చినది. ఆ గుమ్మటముల మీద గడచిన శతాబ్దములో కొందరు మంచి ఉద్దేశముతోనే సిమెంటు పూశారు. ఈ పనివారు మొదట దానిని జాగ్రత్తగా చెక్కి తీసివేసి, మరల సున్నపు గచ్చు చేశారు. ఎందుకని? రాయి, సున్నముతో కట్టిన పాత గోడ వానకాలములో తేమను పీల్చుకొని, ఎండకాలములో దానిని విడిచిపెడుతుంది. మనిషి చెమట పట్టినట్లు అది ఊపిరి తీసుకొంటుంది. దానిపై సిమెంటు పూస్తే సందులలోనుండి నీరు లోపలికి పోతుంది గాని బయటికి రాలేదు. లోపల ఉప్పు పేరుకొని, గోడ గుల్లబారి, పెచ్చులు ఊడుతాయి. పై పూత గట్టిగానే కనబడుతుంది, లోపల గోడ మాత్రము బలహీనమవుతుంది. మన పెద్దలు సున్నమును నానబెట్టి, ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పే గానుగలో నూరేవారు. బెల్లము, మారేడు గుజ్జు వంటివి కలిపేవారు. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఈనాడు తక్కువ. ఇటువంటి పనులు జరిగితేనే ఆ విద్య మరొక తరమునకు అందుతుంది.

బాగుచేసినంత మాత్రాన చాలునా? చాలదు. తలుపులు మూసిన ఇంటికి త్వరలోనే చెద పడుతుంది. ఇబ్రహీంబాగ్‌లోని తారామతి బారాదరి ఇందుకు మంచి ఉదాహరణ. కుతుబ్ షాహీల నాటి ఆ పన్నెండు ద్వారముల మండపము చెంత పర్యాటక శాఖవారు సంగీత, నాట్య ప్రదర్శనలు జరిపించే ఏర్పాటు చేశారు. నగరము నడిబొడ్డున 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టును బాగుచేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. అక్కడ పాత అంగళ్ళు అట్లే ఉన్నాయి, వాటి నడుమ ఆవరణలో పాటకచేరీలు కూడ జరిగాయి. వాడుకలో ఉన్న కట్టడమునకు కప్పు కారితే ఆ వారమే ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ అడుగుపెట్టని కట్టడము కూలిన తరువాతనే అందరికి తెలుస్తుంది.

మనకు మరింత దగ్గర ఉదాహరణ మెదక్ దేవాలయము. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పర్యవేక్షణలో 1914లో ఆరంభమైన ఆ కట్టడము కరువు కాలములో ఎందరో కూలీలకు పని, అన్నము కలుగజేసింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడి, 2024లో నూరేండ్లు నిండింది. నేటికి అది ఆరాధన జరిగే మందిరమే.

మెదక్ అంత పెద్దది కాకపోయినా, మిషనరీల కాలపు చిన్న మందిరమో, బడియో, బంగళాయో మన పల్లెలలో అనేకము ఉన్నాయి. సంఘము పెరిగింది, స్థలము చాలుటలేదు, పాతది కూల్చి స్లాబు వేద్దాము అనే మాట కమిటీలలో తరచుగా వినబడుతుంది. ఆ అవసరము నిజమైనదే. ప్రాణాపాయముగా ఉన్న కప్పు క్రింద పిల్లలను కూర్చోబెట్టమని ఎవరూ చెప్పరు. అయినను, గునపము ఎత్తక ముందు కొన్ని పనులు చేయవచ్చును.

పాత కట్టడముల పని తెలిసిన ఇంజనీరుకు ఒకసారి చూపించండి. కప్పు మీద నీరు నిలువకుండ దారి చేయండి. గోడలలో మొలిచిన రావి, మర్రి మొక్కలను చిన్నవిగా ఉన్నప్పుడే తీసివేయండి. సున్నపు గోడకు సిమెంటు పూయనియ్యకండి. నలుప్రక్కల ఫోటోలు తీసి, కొలతలు వ్రాసి, పాత రిజిస్టర్లతో పాటు భద్రపరచండి. స్థలము ఉంటే క్రొత్త మందిరమును ప్రక్కనే కట్టి, పాతదానిని పిల్లల సాయంకాలపు చదువులకో, గ్రంథాలయమునకో, పాటల అభ్యాసమునకో వాడుకొనండి. సంఘ చరిత్ర తెలిపే చిత్రములను దాని గోడలకు పెట్టండి.

క్రొత్త భవనము డబ్బు కూడితే ఎప్పుడైనా లేస్తుంది. మన తాతలు రాళ్ళు మోసి కట్టిన గోడను ఒక్కసారి కూలదోస్తే, ఎంత డబ్బు కూడినను ఆ గోడను తిరిగి తేలేము. కాబట్టి వచ్చే కమిటీ కూటములో ఈ మాట వచ్చినప్పుడు, ఊరిలోని పెద్దలను, యౌవనస్థులను కూడ కూర్చోబెట్టి, తొందరపడక ఆలోచించండి.