తొమ్మిదింటి దాకా వెలుగు

జూన్ మూడో వారంలో డెట్రాయిట్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి 9 గంటల 13 నిమిషాలకు. ఆ తర్వాత ఇంకో అరగంట ఆకాశంలో వెలుగు మిగిలే ఉంటుంది. మనం 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం ఇందుకు ఒక కారణం. ఈస్టర్న్ టైమ్ జోన్‌కు దాదాపు పడమటి అంచున ఉండడం ఇంకొకటి. దానికి తోడు వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. ఈ చివరి రెండూ కలిసి ఇక్కడి మిట్టమధ్యాహ్నాన్ని ఒకటిన్నరకు నెట్టేశాయి. హైదరాబాదులో ఏడాది మొత్తంలో అతి పొడుగైన పగలు పదమూడు గంటల పైచిలుకు. ఇక్కడ పదిహేను గంటలు దాటుతుంది.

మనం పెరిగిన ఊళ్లలో వేసవి అంటే ఎండకు దొరక్కుండా తిరిగే కాలం. రోహిణి కార్తెలో పదింటికే తలుపులు మూసేసేవాళ్లు. సందడంతా పొద్దువాలాక, డాబా మీద నీళ్లు చల్లి పక్కలు పరిచాకే. మిషిగన్‌లో అంతా తిరగబడింది. ఇక్కడి ఎండ మనల్ని బయటికి పిలుస్తుంది. అయినా వేసవి అనగానే మన ఇళ్లలో మాటలన్నీ పెద్ద ప్రయాణాల మీదికే పోతాయి: ఎల్లోస్టోనా, అలాస్కా ఓడ ప్రయాణమా, ఇండియా టికెట్లా అని. అవి వారం పదిరోజుల్లో అయిపోతాయి. ఆఫీసు పని ముగిశాక ఆరింటి నుంచి చీకటి పడేదాకా రోజూ చేతికి దొరికే మూడు గంటల వెలుగు మాత్రం సెప్టెంబరు దాకా మనదే. మిషిగన్ వేసవికి అసలు సంపద ఆ మూడు గంటలేనని నా నమ్మకం. ఈ వ్యాసం వాటి గురించే.

మనలో చాలామంది తోటపనిలోకి ఇష్టంగా దిగలేదు. నా సంగతీ అంతే. మే నెలలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. వచ్చిన మర్నాడే కాఫీ గ్లాసుతో పెరట్లోకి నడిచి, "ఇంత నేల పెట్టుకుని గడ్డి పెంచుకుంటున్నార్రా?" అంటుంది అమ్మ. నాన్న ఏమీ అనరు, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూస్తారు. ఆ వారాంతానికి కారు డిక్కీ నిండా మట్టి బస్తాలు, పలకలు వచ్చేస్తాయి. కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టేటప్పుడు పైపొర మట్టిని చాలావరకు తోడేస్తారు. దాని కింద ఉండేది గట్టి బంకమన్ను. అందుకే నేలలో తవ్వడం కంటే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అడుగు ఎత్తున పలకలతో మడి కట్టి, కంపోస్టు కలిపిన మట్టి నింపడం నయం.

తొందరపడకూడనిది నాట్ల విషయంలో. మే సగం వరకూ మంచు పడే ప్రమాదం ఉంది. మన కూరగాయలకు కావలసింది గాలి వెచ్చదనం ఒక్కటే కాదు, మట్టి కూడా వేడెక్కాలి. ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ దగ్గర కప్పుల్లో నారు పోసుకుని, మెమోరియల్ డే నాటికి బయట నాటేవాళ్లకు జులైలో కాపు మొదలవుతుంది.

తోటపని మీద నాకు నిజంగా ఆసక్తి పుట్టింది మొక్కలకు పగటి పొడవుతో ఉన్న సంబంధం తెలిశాకే. గోంగూర చూడండి. పగటి పొడవు తగ్గితే తప్ప అది పూత పట్టదు. తెలుగునాట తొలకరికి వేసినది శీతాకాలం ముందు పూస్తుంది. మిషిగన్ వేసవిలో పగలు అంత పొడుగ్గా ఉండడంతో దానికి పూత ధ్యాసే ఉండదు. ఆకు మీద ఆకు వేసుకుంటూ పోతుంది. కొసలు తుంచినకొద్దీ పక్కకొమ్మలు వస్తాయి. ఆరేడు మొక్కలుంటే వేసవంతా పప్పులోకీ పచ్చడిలోకీ లోటుండదు. అయితే సెప్టెంబరు దాటి మొగ్గ తొడిగే సమయానికి అక్టోబరు మంచు వచ్చి పడుతుంది, గింజ కట్టదు. అందుకే గోంగూర విత్తనాలు మనకు ఎప్పుడూ బయటి నుంచి రావలసిందే. టెక్సస్‌లో ఉన్న బంధువులను అడగండి, లేదా ఇక్కడి దుకాణాల్లో కొనండి. ఇండియా నుంచి సూట్‌కేసు మూలన పొట్లం కట్టి తేవడం మాత్రం మానండి. నాటే విత్తనాలకు అక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పురుగూ తెగులూ విత్తనంతో పాటు సముద్రం దాటకుండా పెట్టిన నియమం అది. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మనం దాన్ని మనసారా పాటించాలి.

గోంగూరకు మేలు చేసిన ఈ పొడుగు పగళ్లే పందిరి చిక్కుడుకు కీడు చేస్తాయి. తీగ చూడముచ్చటగా కంచె అంతా అల్లుకుంటుంది, పూత మాత్రం ఎంతకీ రాదు. వచ్చేసరికి చలి మొదలవుతుంది. చిక్కుడు కావాలంటే బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొద చిక్కుళ్లు వేసుకోవాలి. వాటికి పగటి పొడవుతో నిమిత్తం లేదు.

ఇక బీర, సొర. జులైలో మన వాళ్లు కలిస్తే వినబడే మాట, "పూలు బోలెడు, పిందె ఒక్కటీ లేదు." పగలు పొడుగ్గా ఉన్నప్పుడు ఈ తీగలకు మగపూలే ఎక్కువ వస్తాయి. పగలు కాస్త తగ్గేకొద్దీ ఆడపూలు పెరుగుతాయి. కాబట్టి కంగారుపడి ఎరువు గుమ్మరించకండి. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక, రేకుల వెనక చిన్న కాయ ఆకారం ఉంటుంది. అసలు విశేషమేమంటే కాకర, దోస పూలు పొద్దున విచ్చుకుంటే, బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. సొరపూలు తెల్లగా ఉండేది మసక వెలుతురులో తిరిగే రెక్కల పురుగుల కోసమే. ఆ పురుగులు రాని పెరట్లో ఆ పని మనమే చెయ్యాలి. మగపువ్వు తెంపి, రేకులు వలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. ఎనిమిదింటి వెలుగులో పిల్లల చేత ఈ పని చేయించండి. తాను అద్దిన పువ్వు కాయగా మారితే, అంతకుముందు బీరకాయ కంచంలో పక్కకు నెట్టిన పిల్ల కూడా దాన్ని వంటింటి దాకా తనే మోసుకొస్తుంది.

కరివేపాకు గురించి ఒక్కమాట. కుండీలోనే పెంచండి, రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్ దిగగానే లోపలికి తెచ్చేయండి. ఫ్లోరిడా వెళ్లినప్పుడు అక్కడి నుంచి మొక్క తెచ్చుకోవద్దు. నిమ్మ జాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ పురుగు 1998లో, తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాయి. అప్పటి నుంచి అక్కడి నారింజ తోటలు కోలుకోలేదు.

తోటలో నీళ్లు పట్టడం అయ్యాక డెక్ మీద కుర్చీలు వేసుకునే వేళ పుస్తకాలది. లైబ్రరీ అంటే పిల్లల వేసవి పఠన పోటీలకే అనుకుంటాం. అవీ మంచివే, కానీ పెద్దవాళ్లకు తెలుగు పుస్తకాలు అందే దారి కూడా అదే. దాని వెనక ఒక కథ ఉంది. 1954లో అమెరికా చేసిన పీఎల్-480 చట్టం కింద మన దేశానికి గోధుమలు వచ్చాయి. డాలర్ల కొరత ఉన్న రోజులు, మన ప్రభుత్వం ఆ ధర రూపాయల్లో చెల్లించింది. అలా పోగైన రూపాయల్లో కొంత భాగంతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు నవలలు, కథా సంపుటాలు, పత్రికలు అలా ఈ దేశానికి వచ్చాయి. మన ఊళ్లలో రేషన్ షాపు ముందు వరసలో నిలబడి తెచ్చుకున్న గోధుమలకు బదులుగా చికాగోకూ మాడిసన్‌కూ తెలుగు సాహిత్యం చేరింది. తెలుగునాట దొరకడం కష్టమైన పాత ముద్రణలు కొన్ని ఈ విశ్వవిద్యాలయాల అరల్లో భద్రంగా ఉన్నాయి. వాటిని చూడడానికి ప్రొఫెసర్లు కానక్కర్లేదు. మన ఊరి లైబ్రరీ కార్డుతో అంతర్‌గ్రంథాలయ పద్ధతిలో అడగవచ్చు. మిషిగన్‌లోనే ఉన్న పుస్తకమైతే మెల్‌క్యాట్ అనే రాష్ట్రవ్యాప్త కేటలాగులో వెతికి, మన ఊరి లైబ్రరీకే తెప్పించుకోవచ్చు. మనం అడక్కపోతే తెలుగుకు పాఠకులున్నారని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఇక ఏ పుస్తకం అంటే, ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ ఉన్న వేసవిలో గట్టిగా చదివి వినిపించదగ్గది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం'. మొదటి భాగం వచ్చింది 1924లో. మొగల్తూరు కుర్రవాడు ఓడెక్కి ఇంగ్లండు చేరడం కథ. నూరేళ్లు దాటినా, సామాను సర్దుకోవడం దగ్గర నుంచి కొత్త తిండి దాకా అతను పడే అవస్థల్లో మన తొలిరోజులే కనబడతాయి. పిల్లలకు మాటలు అన్నీ అర్థం కావాల్సిన పనిలేదు. తాతయ్య నవ్వడం చూసి ఎందుకో అడుగుతారు. ఆయన చెబుతారు. అంతకంటే మంచి తెలుగు పాఠం నేను చూడలేదు. చదివినదాని గురించి పదిమందితో మాట్లాడాలనుకునేవాళ్లకు 1998లో మొదలైన డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ మన ప్రాంతంలోనే ఉంది.

సినిమా సంగతికొస్తే, కొత్త సినిమా విడుదలకు ముందురోజు సాయంత్రమే ఇక్కడ ప్రీమియర్ పడుతుంది. మనకూ ఇండియాకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా. 2015 జులైలో 'బాహుబలి', 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు ఇక్కడి హాళ్లలో కాగితాలు ఎగిరిన సందడి మీకూ గుర్తుండే ఉంటుంది. నాకు ఆ సందడి ఇష్టమే. కానీ బయట అంత వెలుగు పెట్టుకుని చీకటి హాల్లో మూడు గంటలు కూర్చోవడానికి మనసొప్పదు. మామూలు సినిమాలను వాన పడే సాయంత్రాలకు దాచుకోవడం నా పద్ధతి.

వేసవికి తగిన సినిమా ఆరుబయట చూసేది. డియర్‌బోర్న్‌లో 1950లో మొదలైన ఫోర్డ్-వయోమింగ్ డ్రైవ్-ఇన్‌కు ఒకసారి అమ్మానాన్నలను తీసుకెళ్లండి. ఆడేది పిల్లల ఇంగ్లీషు బొమ్మే కావచ్చు, కానీ ఆ తెర కింద కూర్చోగానే టూరింగ్ టాకీస్ రోజుల కబుర్లు వాటంతటవే వస్తాయి. అంత దూరం వద్దనుకుంటే పెరట్లో తెల్లదుప్పటి కట్టి, చిన్న ప్రొజెక్టర్ పెట్టి, 1957 నాటి 'మాయాబజార్' వెయ్యండి. తొమ్మిదిన్నరకు గానీ తెర మీద బొమ్మ కనబడదు, సినిమా మూడు గంటల పైన. అందుకని విశ్రాంతి దాకా శుక్రవారం, మిగిలింది శనివారం. భారతకథే అయినా పాండవులు ఎక్కడా కనబడని సినిమా అది. ఆ సంగతి ముందు చెప్పకుండా చివర్లో పిల్లలను అడిగి చూడండి. మార్కస్ బార్‌ట్లే కెమెరాతో సృష్టించిన వెన్నెలను నిజమైన ఆకాశం కింద చూడడం మాత్రం హాల్లో దొరకని భాగ్యం. దోమల మందు దగ్గర పెట్టుకోండి, పక్కింటివాళ్లను కూడా పిలవండి.

షికార్లకు వస్తే, మాకినా దీవి అందరూ చూసిందే. 1898 నుంచి మోటారు బండ్లను రానివ్వని ఆ దీవికి పొగడ్తలు కొత్తగా అక్కర్లేదు. స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బలూ అంతే, వెళ్లాలి, కానీ వాటికి వారాంతం కావాలి. సాయంత్రాలకు దగ్గరవి చాలు. డెట్రాయిట్ నది మధ్యనున్న బెల్ ఐల్‌లో 1904 నాటి చేపల ప్రదర్శనశాల ఉంది, పగలు తెరిచి ఉండే వేళలు చూసుకుని వెళ్లాలి. ఒడ్డున నిలబడితే దక్షిణాన కెనడా కనబడుతుంది. కెనడా ఎప్పుడూ ఉత్తరానే ఉంటుందనుకునే పిల్లలకు పటం తెరిచి చూపించవలసిన చోటు. 2014 నుంచి అది స్టేట్ పార్కు కాబట్టి, కారు నంబరు ప్లేటుతో పాటు రిక్రియేషన్ పాస్‌పోర్టు తీసుకుంటే చాలు. పళ్లు కోసుకోనిచ్చే తోటలకు వరస ఉంది: జూన్‌లో స్ట్రాబెర్రీ, జులైలో చెర్రీ, ఆగస్టు దాకా బ్లూబెర్రీ. మిషిగన్ పుల్ల చెర్రీలకు పేరుమోసిన రాష్ట్రం. తియ్యవాటిని వదిలి ఆ పుల్లవి ఒక బుట్టెడు తెచ్చుకోండి. గింజ తీసి కందిపప్పులో వేస్తే వాక్కాయ పప్పును తలపిస్తుంది.

మా ఇంటికి దగ్గరలోని కెన్సింగ్టన్ మెట్రోపార్కు నాకు అన్నిటికంటే ఇష్టం. కెంట్ సరస్సు చుట్టూ నడకదారి, ఆ దారిలో మనుషులకు బెదరకుండా పిల్లలతో నడిచే పొడుగుకాళ్ల శాండ్‌హిల్ క్రేన్లు. నడవలేని పెద్దవాళ్లకు నీళ్ల ఒడ్డునే బల్లలు ఉన్నాయి.

అందుకే మన తెలుగు సంఘం వారికి నాదొక మనవి. ఏటా ఒక శనివారం వందలమందితో జరిపే వనభోజనం ఉండనివ్వండి. దానితో పాటు జూన్, జులై నెలల్లో బుధవారం సాయంత్రాలు ఆరున్నరకు ఇలాంటి పార్కుల్లో కలిసే ఏర్పాటు చేయండి. వేదిక, మైకు, ముఖ్య అతిథి ఏవీ వద్దు. ఎవరింట్లో ఎక్కువైన గోంగూర వాళ్లు, ఎవరు చదివేసిన పుస్తకం వాళ్లు తెచ్చి బల్ల మీద పెడితే చాలు. కారు నడపలేని అమ్మానాన్నలు వారమంతా ఇంట్లోనే ఉంటారు. ముందుగా వాళ్ల పేర్లు రాసుకుని, ఏ వీధిలో వాళ్లను ఎవరు కారులో తీసుకురావాలో ఇప్పుడే అనుకుందాం.