ప్రవచనం... భారం ఎవరిపై?

కల్లూరు మండలంలో ఒక మెట్ట గ్రామం అనుకోండి. వాన లేదు. చేనులో వేరుశెనగ వాడిపోయింది. అప్పటికే రెండు బోర్లు వేయించి నష్టపోయిన రైతు ఒకరు భార్యతో కలిసి ఉజ్జీవ కూటానికి వెళ్లాడు. ప్రార్థన జరుగుతుండగా బోధకుడు అతని తలపై చెయ్యి ఉంచి, ‘అన్నా, నీ చేనులో తూర్పు గట్టు పక్కన నీళ్లున్నాయని ప్రభువు నాకు చూపిస్తున్నాడు’ అన్నాడు. మరునాడే ఆమె కమ్మలు కుదువకు వెళ్లాయి. బోరు బండి వచ్చింది. ఆరు వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. రైతు వెళ్లి అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: ‘నీ విశ్వాసం చాలలేదు.’

ఈ రైతు కల్పితుడే. ఆ మాటలు మాత్రం మనకు కొత్తవి కావు. బోరుకు బదులు పెళ్లి సంబంధమో, వీసానో, ఆపరేషనో పెట్టి చూడండి. ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ప్రవచన వరం అపొస్తలుల కాలంతోనే ముగిసిందనే సంఘాలున్నాయి, నేటికీ ఉందనే సంఘాలూ ఉన్నాయి. ‘దేవుడు నాతో చెప్పాడు’ అనే మాట మాత్రం రెండు చోట్లా వినబడుతూనే ఉంటుంది. కనుక ఈ ప్రశ్న అందరిదీ.

నీళ్లు పడి ఉంటే సాక్ష్యం బోధకునిది, కానుకా ఆయనదే. పడలేదు గనుక అప్పు రైతుది, అవిశ్వాసి అన్న నింద కూడా రైతుదే. పలికినవానికి పోయిందేమీ లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

బనగానపల్లె, కందిమల్లాయపల్లె మనకు దూరం కావు. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం వింటూ పెరిగిన సీమలో ప్రవచనమంటే జరగబోయేది చెప్పడమేనని తోచడం సహజం. టెంకాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింటు చూపేవారినీ మనం చూశాం. అయితే క్రొత్త నిబంధన ఈ వరానికి అప్పగించిన పని వేరు. వినేవారికి క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ కలగాలన్నదే దాని గురి (1 కొరింథీ 14:3). రాబోయేది చెప్పడం అందులో భాగం కావచ్చు. మనిషిని నిలబెట్టడం మాత్రం తప్పనిసరి.

యెషయా గ్రంథంలో మన తెలుగు బైబిలు ‘దేవోక్తి’ అని అనువదించిన హీబ్రూ పదం ‘మస్సా’. దానికి ‘భారం’ అని కూడా అర్థం. యిర్మీయా 23వ అధ్యాయం చివర ‘యెహోవా భారము’ అన్నచోట ఉన్నది ఆ పదమే. దేవుని మాట ముందుగా మోసేవాని భుజాన్ని నొక్కుతుంది. తనకు ఏ బరువూ లేకుండా ఎదుటివాని నెత్తిన బరువు పెట్టే ప్రవచనాన్ని అనుమానించక తప్పదు.

నాతాను ప్రవక్తను చూడండి. మందిరం కట్టాలన్న కోరిక దావీదు వెల్లడించగానే, మనసులో ఉన్నదంతా చెయ్యి, ప్రభువు నీకు తోడున్నాడని నాతాను ప్రోత్సహించాడు. ఆ రాత్రే దేవుడు వేరే మాట చెప్పాడు. కట్టేది దావీదు కాదు, అతని కుమారుడు (2 సమూయేలు 7). నాతాను ఏం చేశాడు? నిన్నటి మాట నిన్నటితో పోనివ్వలేదు. తిరిగి రాజు ముందుకు వెళ్లి తాను విన్నదంతా చెప్పాడు. రాజు ఎదుట మాట మార్చుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ కష్టాన్ని అతడు దావీదు మీదికి నెట్టలేదు, తానే మోశాడు. అందుకే తరువాత బత్షెబ విషయంలో అదే నాతాను వేలెత్తి చూపినప్పుడు దావీదు తల వంచాడు.

అగబు సంగతీ అంతే. గొప్ప కరవు రాబోతున్నదని అతడు అంతియొకయలో చెప్పాడు. క్లౌదియ చక్రవర్తి కాలంలో అది వచ్చింది (అపొ. కార్యములు 11:27-30). ఆ ప్రవచనం విన్న శిష్యులు కాలనిర్ణయాల చర్చ పెట్టుకోలేదు. ప్రతివాడూ తన శక్తి కొలది ఇచ్చి, బర్నబా, సౌలుల చేత యూదయలోని సహోదరులకు సహాయం పంపారు. కరవు గురించిన ప్రవచనం పేదల చేతి నుంచి కానుక తీయలేదు, పేదల చేతికి అన్నం అందించింది.

మన నేల మీద కూడా ఇలాంటి సాక్ష్యం ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్ తన భార్యతో, మరికొద్దిమంది విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించాడు. తెలుగు మిషన్‌ను మూసివేద్దామా అని స్వదేశంలో చర్చ జరుగుతున్న రోజులవి. దిగువన ఉన్న బీడు చూపి, అక్కడ మిషన్ బంగళా ఉంటే బాగుండును కదా అని ఆయన అన్నట్టు మిషన్ చరిత్రలు చెబుతాయి. దేవుని పేరుతో గడువు పెట్టలేదు. ప్రార్థించాడు, కనిపెట్టాడు. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876-78 నాటి మహాకరవులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పని తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. అన్నం కోసం విశ్వాసం ఒప్పుకునే పరిస్థితి రాకూడదని, కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండ మీది ఆశ అలా, ఆకలిగొన్నవాని అవసరాన్ని వాడుకోకుండానే ఫలించింది.

కాబట్టి ఆత్మను ఆర్పవద్దు, ప్రవచనాన్ని తృణీకరించవద్దు, అయితే సమస్తాన్నీ పరీక్షించమంటాడు పౌలు (1 థెస్స. 5:19-21). ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే తక్కినవారు వివేచించాలనీ అంటాడు (1 కొరింథీ 14:29). అంటే పరీక్షించడం అవిశ్వాసం కాదు, విధేయత. డబ్బు కోసం సోదె చెప్పే ప్రవక్తలను మీకా గద్దించాడు (మీకా 3:11). ఆదిమ సంఘపు బోధనా గ్రంథం ‘దిదఖే’ కూడా ఆత్మ పేరున తనకోసం డబ్బు అడిగేవాని మాట వినవద్దని విశ్వాసులను హెచ్చరించింది.

నీకు ఒక మాట అనిపిస్తే, ‘ప్రభువు సెలవిచ్చాడు’ అనే ముందు ‘నాకు ఇలా అనిపిస్తోంది, మీరు పరీక్షించండి’ అను. సంఘపెద్దలకు చెప్పు. ఒంటరి స్త్రీకో, రోగికో, అప్పులపాలైనవానికో చాటుగా చెప్పకు. మందులు మానమనకు. కానుకతో ముడిపెట్టకు. తప్పిందా, ఎక్కడ పలికావో అక్కడే నిలబడి ‘పొరపాటు నాది’ అను.

మళ్లీ ఆ చేనుకు వెళ్దాం. గట్టు మీద కూర్చున్న రైతు పక్కన ఆ బోధకుడే వచ్చి కూర్చున్నాడనుకోండి. ‘అన్నా, ఆ మాట ప్రభువుది కాదు, నాది. నీ విశ్వాసంలో లోపం లేదు. వదినమ్మ కమ్మలు విడిపించడానికి నేనూ, సంఘమూ చెయ్యి వేస్తాం.’ నీళ్లు పడని ఆ చేనులో అంతవరకు ఎవరూ పలకని నిజమైన ప్రవచనం అదే అవుతుంది. అందులో క్షేమాభివృద్ధి ఉంది, ఆదరణ ఉంది. భారం మోయవలసినవాని భుజం మీదే ఉంది.